మారుతున్న నిబంధనలు - పాల సంఘాల బాధ్యత

(పెద్దమందడిలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం "ఆర్థిక సేవల నియంత్రణలో మార్పులు, వాటి అమలు" అని. ఈ మాటలు వినగానే, ఇది బ్యాంకుల వారికీ పట్నంలోని ఆడిటర్లకూ సంబంధించిన వ్యవహారం, పాలు పట్టి ఫ్యాటు చూసి బిల్లు రాసే మనకెందుకు అని కొందరికి తోచి ఉండవచ్చును. దాచడమెందుకు, మేము కూడా చాలా ఏండ్లు అట్లాగే అనుకున్నాము. మేము సహకార డిప్లొమా చదివిన రోజులలో 1964 చట్టం, దాని కింది నియమాలు, సంఘం బైలా, ఈ మూడూ కంఠస్థం ఉంటే ఇన్‌స్పెక్టరుకు లోటు ఉండదని మా గురువులు చెప్పేవారు. ఆ మూడూ ఈనాటికీ అవసరమే. కాని ఈ పదేండ్లలో మన సంఘాలకు జరిగిన నష్టాలలో, మేము చూసినంతవరకు, ఆ మూడు పుస్తకాలలో లేని నిబంధనల వల్ల జరిగినవే ఎక్కువ. దొంగతనం వల్ల జరిగినవి తక్కువ. ఈ మాట కార్యదర్శులకు కొంత ఊరటగా ఉండవచ్చు గాని సభ్యురాలికి ఊరట ఏమీ లేదు. ఆమె డబ్బు ఏ కారణంగా పోయినా పోయినట్లే.

రెండు బర్రెలున్న ఒకామె సంగతి చెబుతాము. ఒక సంఘం తనిఖీకి వెళ్ళాము. ఊరి పేరు అవసరం లేదు. నగదు పుస్తకం, పాల సేకరణ రిజిస్టరు, చెల్లింపుల పట్టీ అన్నీ వరుసగా ఉన్నవి. సంతకం పెట్టి లేవబోతుండగా ఆమె వచ్చింది.

"సారూ, నేను పాలు వోసుడు ఆపలే. వీళ్ళు పైసలిచ్చుడెందుకు ఆపిండ్రు? నాలుగు బిల్లులు, రెండు నెలలాయె" అని అడిగింది.

కార్యదర్శి వెంటనే కాగితం తీసి చూపాడు. నాలుగు బిల్లులూ ఆమె ఖాతాకు పంపినట్లు తేదీలతో సహా ఉన్నది. "అక్కా, నేనైతే ఏసిన. నీ ఖాతల వడ్డయి" అంటాడు అతను. "వడితే నా చేతికెందుకిస్తలేరు?" అంటుంది ఆమె. ఇద్దరి మాటా నిజమే. బ్యాంకులో అడిగితే తెలిసింది, ఆమె ఖాతాకు కె.వై.సి. గడువు దాటిపోయింది, అందువల్ల డబ్బు జమ అవుతున్నది గాని తీసుకొనేందుకు వీలు లేదు. ముందుగా తెలియజేశారా అంటే, తెలియజేశారు. ఇంగ్లీషులో ఒక సందేశం, ఆమె కొడుకు ఫోనుకు. ఆ కొడుకు హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్నాడు. రోజుకు ఇరవై సందేశాలు వచ్చే ఫోనులో అదొకటి.

ఖాతా మళ్ళీ నడవడానికి ఆధార్ నకలు, ఒక ఫొటో, ఒక వేలిముద్ర సరిపోయినవి. మూడు రోజుల పని. కాని ఆ రెండు నెలలలో ఆమె దాణా అప్పుకు తెచ్చింది, వడ్డీకి చేబదులు తీసుకున్నది, చివరకు చేతిలో నగదు పెట్టే పాల వ్యాపారికి పోయడం మొదలుపెట్టింది. ఖాతా బాగుపడినా ఆమె తిరిగి సంఘానికి రాలేదు. సంఘం లెక్కలలో ఇది ఎక్కడా నష్టంగా కనబడదు. రోజుకు ఏడు లీటర్ల పాలు తగ్గినవి, అంతే. మా తనిఖీ నివేదికలో కూడా మేము రాయలేదు. రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

మన దగ్గరి సరళాసాగర్ సైఫన్లను మీరందరూ చూసే ఉంటారు. నీరు ఒక మట్టానికి రాగానే ఎవరూ తలుపు ఎత్తకుండానే వాటంతట అవే పారుతాయి. బ్యాంకులలో ఈనాడు జరిగేది కూడా ఇటువంటిదే. ఆమె ఖాతాను ఏ మేనేజరూ పగబట్టి ఆపలేదు. తేదీ వచ్చింది, యంత్రం ఆపింది. సైఫను తన పని తాను చేసుకుంటుంది గాని కట్టను మనిషే కనిపెట్టి ఉండాలి. 2019 డిసెంబరు 31న ఆ కట్టకు గండి పడిన సంగతి ఈ ప్రాంతం వారికి మేము చెప్పనక్కరలేదు.

కె.వై.సి. విషయమై రిజర్వు బ్యాంకు 2025 జూన్ 12న కొన్ని మార్పులు చేసింది. గడువుకు ముందు ఖాతాదారుకు కనీసం మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒకటి ఉత్తరమై ఉండాలి. గడువు దాటిన తరువాత మరల మూడుసార్లు గుర్తు చేయాలి, అందులోనూ ఒకటి ఉత్తరమే. వివరాలలో మార్పు లేకపోతే, లేదా చిరునామా ఒక్కటే మారితే, ఆ మాట రాసిచ్చే పని ఊళ్ళోని బ్యాంకు మిత్ర దగ్గర కూడా పూర్తి చేసుకోవచ్చునని చెప్పింది. కనుక మీ సంఘంలో పాలు పోసేవారందరికీ ఒక మాట చెప్పండి. బ్యాంకు నుండి ఉత్తరం వస్తే దాన్ని గోడ మేకుకు గుచ్చవద్దు, పాలతో పాటు సంఘానికి తీసుకురండి అని. చదివి పెట్టడానికి కార్యదర్శికి రెండు నిమిషాలు పడుతుంది.

ఇదివరకు ఈ చిక్కు లేదు, నిజమే. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో బిల్లు రోజు సంఘం ముందర చిన్న జాతర. సంచీలో నగదు తెచ్చేవారు, పట్టీ చదివేవారు, వేలిముద్ర వేయించుకొని చేతిలో పెట్టేవారు. ఆ పద్ధతి బంగారమని మేము అనము. చిల్లర లేదని రూపాయి, రెండు రూపాయలు ఎన్నిసార్లు మిగిల్చుకున్నారో పాత రిజిస్టర్లు తిప్పిన మాకు తెలుసు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయిన తరువాత ఖాతా చెల్లింపులు వేగంగా పెరిగినవి. అది మంచికే. కాని దానితో ఒక భేదం వచ్చింది. చెల్లించినట్లు రిజిస్టరులో రాయడం వేరు, సభ్యురాలి చేతికి డబ్బు అందడం వేరు. మొదటిది మన చట్టం చూస్తుంది. రెండవది రిజర్వు బ్యాంకు నిబంధనల మీద ఆధారపడి ఉన్నది.

ఇకముందు ఈ సంబంధం ఇంకా దగ్గర కానున్నది. సహకార సంఘాల మధ్య సహకారం అనే కార్యక్రమాన్ని 2023లో గుజరాత్‌లోని పంచమహల్, బనస్కాంఠా జిల్లాలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2024 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించారు. పాల సంఘాన్ని జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు బ్యాంకు మిత్రగా చేసి, మైక్రో ఏ.టి.ఎం. ఇవ్వడం అందులో భాగం. యంత్రం వచ్చిన ఉత్సాహంలో ఒక సంఘం వారు గోడ మీద పెద్ద అక్షరాలతో "మినీ బ్యాంకు" అని రాయించారు. సున్నం వేయించి తుడిపించాము, వారికి కోపం కూడా వచ్చింది. కాని 2020లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టాన్ని సవరించిన తరువాత, అనుమతి లేని సహకార సంఘాలు బ్యాంకు అనే మాట పేరులో వాడుకొనరాదని, సభ్యులు కాని వారి నుండి డిపాజిట్లు తీసుకొనరాదని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో బహిరంగంగానే హెచ్చరించింది. అటువంటి సంఘాలలో పెట్టిన డబ్బుకు బ్యాంకు డిపాజిట్లకు ఉండే బీమా కూడా లేదు. మన యంత్రం బ్యాంకుది, డబ్బు బ్యాంకుది, మనము మధ్యవర్తులము మాత్రమే.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పవలసి ఉన్నది. దీనిని చెప్పడానికే ఈ ఉపన్యాసానికి ఒప్పుకున్నామని అనుకోండి.

2023 బడ్జెటు తరువాత, నగదు రూపంలో డిపాజిట్ తీసుకొనే పరిమితిని సొసైటీలకు 20,000 నుండి 2 లక్షలకు పెంచారన్న వార్త ఫోనులలో తిరిగింది. మేమూ చదివాము. ఆ వారంలోనే ఒక పాల సంఘం అధ్యక్షుడు ఫోను చేశాడు. వారి బైలాలో సభ్యుల డిపాజిట్లకు అవకాశం ఉన్నది. ఒక సభ్యుడు బర్రెలు అమ్మిన 60,000 రూపాయలు నగదుగా తెచ్చి సంఘంలో ఉంచుతానంటున్నాడు, తీసుకోవచ్చునా అని అడిగాడు. "ఇప్పుడు 2 లక్షల దాకా ఉన్నది, తీసుకోండి" అని మేము చెప్పాము. రాత్రి అనుమానం వచ్చి చట్టం పాఠం తీసి చదివితే, ఆ పెంపు ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు, ప్రాథమిక సహకార వ్యవసాయ గ్రామీణాభివృద్ధి బ్యాంకులకు మాత్రమే. పాల సంఘం పేరు అందులో లేదు.

మన వైపు సొసైటీ అంటే ఎరువులిచ్చే సింగిల్ విండో. పాల సంఘమూ సొసైటీయే. వార్త రాసినవాడికి ఈ తేడా పట్టలేదు, చదివిన మాకూ పట్టలేదు. మనకు పాత 20,000 పరిమితే. అది కూడా ఒక్క రోజు లెక్క కాదు. ఆ సభ్యుడి పాత నిల్వతో కలిపి 20,000 చేరితే చాలు, పైన తీసుకొనేది చెక్కు ద్వారానో ఖాతా ద్వారానో రావాలి. ఉల్లంఘిస్తే తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా. 60,000 తీసుకుంటే 60,000. సరైన కారణం చూపితే మినహాయింపు ఉంటుంది గాని, ఇన్‌స్పెక్టరు ఫోనులో చెప్పినాడన్న కారణం మీద ఎవరూ ఆశ పెట్టుకోరాదు.

మరుసటి పొద్దున మేము ఫోను చేసేసరికి రశీదు కోసేశారు. వెంటనే నగదు తిరిగి ఇచ్చేస్తామన్నారు. అది ఇంకొక తప్పు, ఎందుకంటే అంత డిపాజిట్‌ను నగదుగా తిరిగి ఇవ్వడమూ నిషిద్ధమే. చివరకు సభ్యుని ఖాతాకు చెక్కు ద్వారా తిరిగి చెల్లించి, జరిగినది జరిగినట్లు తీర్మానాల పుస్తకంలో రాయించాము. మా పేరు కూడా రాయమన్నాము. అధ్యక్షుడు మొహమాటపడ్డాడు, మేమే పట్టుబట్టి రాయించాము. ఇంతవరకు నోటీసు రాలేదు. అప్పటినుండి మాకు ఒక అలవాటైంది. ఏ కొత్త నిబంధన వినపడినా మొదట అడిగేది ఎంత, ఎప్పటినుండి అని కాదు. ఎవరికి వర్తిస్తుంది అని.

ఇక ఆదాయపు పన్ను. సభ్యులు పోసిన పాలను తమ సమాఖ్యకు సరఫరా చేసే ప్రాథమిక సంఘానికి ఆ వ్యాపారంపై వచ్చిన లాభం మొత్తానికి మినహాయింపు ఉన్నదని పాత కార్యదర్శులందరికీ తెలుసు. 80పి అనే నంబరు వారికి ఫ్యాటు రేటు లాగా నోటికి వస్తుంది. మనకు పన్ను లేదు కదా, రిటర్నుకు తొందరేమిటి అనే ధోరణి అక్కడినుండే వచ్చింది. కాని 2018-19 అసెస్‌మెంటు సంవత్సరం నుండి గడువులోపల రిటర్ను వేస్తేనే ఆ మినహాయింపు. గడువు దాటితే లాభం లాభంగానే లెక్క, దానిపై పన్ను కట్టవలసిందే. చట్టప్రకారం ఆడిటు జరగవలసిన సంఘానికి ఈ గడువు మామూలుగా అక్టోబరు 31. కొన్ని సంవత్సరాలు పొడిగిస్తారు. పొడిగిస్తారులే అని కూర్చోవడం, వాన వస్తుందిలే అని నారు పోయడం వంటిది. పాలమూరు వారికి ఇంతకన్న చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. మాకు తెలిసిన రెండు సంఘాలకు రిటర్ను ఆలస్యమైంది, రెండింటికీ పన్ను నోటీసు వచ్చింది, రెండింటికీ కారణం ఒక్కటే, ఆడిటు సకాలంలో పూర్తి కాలేదు. ఆడిటు ఆలస్యంలో సంఘం తప్పు సగమైతే, మిగతా సగం చేయవలసినవారిది. ఈ కష్టం దేశమంతటా ఉన్నందువల్లనే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2023 జూలై 26న ఒక సర్క్యులర్ ఇచ్చింది. రాష్ట్ర చట్టం కింద ఆడిటు ఆలస్యమైనందువల్ల రిటర్ను ఆలస్యమైతే, 2018-19 నుండి 2022-23 వరకు అసెస్‌మెంటు సంవత్సరాలకు ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకోవచ్చునన్నది దాని సారాంశం. మా రెండు సంఘాలలో ఒకదాని కార్యదర్శికి ఈ సంగతి పక్క మండలం కార్యదర్శి ద్వారా, చాయ్ దుకాణంలో తెలిసింది. దరఖాస్తు పెట్టాడు, మన్నింపు వచ్చింది. రెండవ సంఘం బోనసుకు ఉంచిన డబ్బులోనుండి పన్ను కట్టిన తరువాత ఆ సర్క్యులర్ చూసింది. ఆ ఏడు దసరాకు ఆ ఊళ్ళో బోనసు లేదు. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శిని నిలబెట్టి అడిగిన మాటలు మేము విన్నాము. అతను ఒక్క రూపాయి తిన్నవాడు కాదు.

1964 చట్టం కింద ఉన్న సంఘాలలో, పాలకవర్గం లేదా ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే 60వ సెక్షన్ కింద వారి నుండే రాబట్టే అవకాశం ఉన్నదని కూడా గుర్తు చేస్తున్నాము. భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండడానికి.

పెద్ద మొత్తాల సంగతి కొద్దిగా చెప్పి వదిలేస్తాము, గ్రామ సంఘాలకు అంత అవసరం రాదు. ఒకరి నుండి ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోరాదన్న నిబంధన 2017 ఏప్రిల్ 1న వచ్చింది. సమాఖ్యలకు డీలర్లు రోజూ కట్టే పాల డబ్బు అంతా కలిపి ఒకే వ్యవహారంగా లెక్కిస్తారేమోనన్న భయం ఉండేది. డీలరు ఒప్పందం ఉన్నంత మాత్రాన రోజువారీ వసూళ్ళను కలిపి లెక్కించరని 2022 డిసెంబరు 30న బోర్డు వివరణ ఇచ్చింది. బ్యాంకు నుండి నగదు తీసుకున్నప్పుడు పన్ను కోసే పరిమితిని కూడా సహకార సంఘాలకు 2023 ఏప్రిల్ నుండి 3 కోట్లకు పెంచారు.

నిబంధనలన్నీ కట్టివేసేవే కావు. కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషకులకు కూడా ఇవ్వాలని 2018-19 బడ్జెటులో చెప్పారు, 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వులిచ్చింది. తాకట్టు లేని వ్యవసాయ రుణ పరిమితి 2025 జనవరి 1 నుండి 2 లక్షలు. కాగా, దళారి లేకుండా నేరుగా పాల యూనియన్‌కు పాలు పోసే రైతులకు, యూనియన్‌తో ఒప్పందం ఉంటే, 3 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వవచ్చునని 2020లోనే కేంద్రం తెలిపింది. ఈ మాట తెలిసినవారు ఈ సభలో ఎందరు? చేతులు ఎత్తమని అడగము. అయిదేండ్లుగా బర్రె కొనడానికి మెడలోని పుస్తె తాకట్టు పెడుతున్న ఇండ్లు మనకు తెలుసు. రుణం ఇవ్వడమా మానడమా అన్నది బ్యాంకు నిర్ణయం, కార్యదర్శి ఎవరికీ మాట ఇవ్వకూడదు. పాల బిల్లులోనుండి వాయిదా మినహాయించి పంపుతామని బ్యాంకుకు రాసి ఇచ్చే ముందు పాలకవర్గం తీర్మానం, సభ్యురాలి అంగీకార పత్రం రెండూ ఉండాలి. కాని మీరు పాలు పోస్తున్న సభ్యులన్న ధ్రువపత్రం ఇవ్వడానికి మాత్రం వెనుకాడకండి. దానికి ఖర్చు లేదు.

నంబర్లు కంఠస్థం చేసే కాలం పోయిందని మొదట అన్నాము. 1961 ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. మినహాయింపు ఉన్నది, 80పి అనే పాత నంబరు లేదు. అసెస్‌మెంటు సంవత్సరం అన్న మాటకు బదులు పన్ను సంవత్సరం అన్నారు. రిజర్వు బ్యాంకు కూడా 2025 నవంబరు 28న తొమ్మిది వేలకు పైగా పాత సర్క్యులర్లను తీసివేసి, 244 ఆదేశాలుగా కూర్చింది. మా బీరువాలోని లావుపాటి ఫైలు ఒక్క రోజులో పాతబడిపోయింది. పాతికేండ్లు కత్తిరించి అతికించిన కాగితాలవి. మా ఇంటావిడ చాలా కాలంగా ఆ బీరువా ఖాళీ చేయమంటున్నది, రిజర్వు బ్యాంకు ఆమె మాట విన్నట్లున్నది.

అందువల్ల ప్రతి సంఘంలో ఒక నోటుపుస్తకం పెట్టమని కోరుతున్నాము. ఎడమ పేజీలో కొత్త నిబంధన ఏ తేదీది, ఎవరిచ్చినది, ఎక్కడ చూసినది. కుడి పేజీలో అది పాల సంఘానికి వర్తిస్తుందా, ఎవరిని అడిగితే తెలిసింది, ఏమి చేశాము. ఫోనులో వచ్చిన వార్త అయితే ఫోనువార్త అనే రాయండి. అసలు కాగితం చూసేదాకా దాని మీద డబ్బు వ్యవహారం చేయవద్దు. మమ్ములను అడిగినా సరే, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రెండవ బిల్లు రోజున, అందరూ వచ్చి ఉంటారు కనుక, అందులోని కొత్త పేజీ బిగ్గరగా చదివించండి. అదే రోజున, బిల్లు పడినా డబ్బు చేతికి రానివారు ఎవరని అడిగి పేర్లు రాయండి. చదవడానికి సంఘంలో డిగ్రీ చదివిన కోడళ్ళు, కూతుళ్ళు ఉన్నారు. పాల లెక్క చూస్తున్నది కూడా చాలా ఇండ్లలో వారే.

ఇంకొక మాట. కొన్ని సంఘాలలో సభ్యుల ఏ.టి.ఎం. కార్డులు కార్యదర్శి టేబులు సొరుగులో ఉన్నవి, వెనుక చీటీ మీద రహస్య నంబరుతో సహా. నమ్మకం వల్లనే ఇచ్చారు, మేము కాదనము. కాని రేపు ఏ ఖాతాలోనుండి డబ్బు పోయినా ఆ సొరుగు దగ్గరికే వస్తారు. ఈ వారంలోనే ఎవరివి వారికి ఇచ్చి సంతకం తీసుకోండి. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయమని, బ్యాంకుకు మూడు పనిదినాలలోపల తెలియజేయమని గోడ మీద రాయించండి. ఆ మినీ బ్యాంకు తుడిపిన చోట రాసినా సరే.

రిటర్ను రశీదులు, ఆడిటు నివేదికలు వెంట తెచ్చిన సంఘాల వారు భోజనం తరువాత మా బల్ల దగ్గరకు రండి. ఒక్కొక్కటిగా చూద్దాము. సాయంత్రం పాల వేళకు అందరూ ఊళ్ళు చేరవలసి ఉన్నది కనుక ఇంతటితో విరమిస్తున్నాము.